అడుగుకి 75 రూపాయలా, 110 రూపాయలా?

ప్రశ్న: మాది విజయనగరం. ఊరి చివర ఒకప్పటి పొలాల్లో వేసిన లేఅవుట్‌లో నాలుగేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాం. నేను టీచర్‌ని. మావారు ఆర్మీలో ఉన్నారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఇంటి చుట్టూ 900 చదరపు అడుగుల ఖాళీ స్థలం ఉంది. అందులో 300 అడుగులు గేటు దగ్గర కారు పెట్టుకునే చోటు. వానలు పడితే చుట్టూ బురదే. మొన్న మా అత్తగారు జారి పడ్డారు కూడా. సంక్రాంతికి మావారు వచ్చేలోపు పేవర్లు (నేల మీద పరిచే కాంక్రీటు బ్లాకులు) వేయించాలని ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచాను. మెటీరియల్‌తో సహా ఒకాయన అడుగుకి 75 అన్నారు, రెండో ఆయన 110 అన్నారు. ఇద్దరూ చూపించింది ఒకే రకం బ్లాకు. 75 ఆయన 70 శాతం అడ్వాన్సు అడుగుతున్నారు, నాలుగు రోజుల్లో పని అయిపోతుందంటున్నారు. పక్కింటివాళ్లు నిరుడు వేయించుకుంటే కారు చక్రాలు నడిచే చోట అప్పుడే రెండు చాళ్లు పడిపోయాయి. ఎవరికి ఇవ్వమంటారు? మగవాళ్లు ఇంట్లో లేరని లోకువ కడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, ఇప్పటికి ఇద్దరికీ ఇవ్వకండి. ముందు ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఒక్క మాట అడగండి. "గేటు దగ్గర ఎంత లోతు తవ్వుతారు?" అంతే. జవాబు అంగుళాల్లో రావాలి. "ఏటీ అవదు మేడమ్, మట్టి సాపు సేసి డస్ట్ పోసి పరిసేద్దుం" అన్నారంటే (డస్ట్ అంటే కంకర క్రషర్‌లో వచ్చే రాతి పొడి), పక్కింటి చాళ్లు మీ ఇంటికీ వచ్చాయన్నమాటే.

రెండు ధరలకీ తేడా 35 రూపాయలు. 900 అడుగులకి 31,500. బ్లాకు ఒకటే అయితే, కూలి రేటు ఒకటే అయితే ఈ 31,500 ఎక్కడ మిగులుతోంది? బ్లాకు కింద వేయాల్సిన కంకర, ఇసుకల దగ్గరే మిగులుతోంది. పరిచేశాక అది ఎవరికీ కనపడదు గనుక అక్కడే మిగల్చడం తేలిక. 110 ఆయన అది సరిగ్గా వేస్తాడని గ్యారంటీ లేదు, ఎక్కువ చెప్పినంత మాత్రాన ఎక్కువ వేసినట్టు కాదు. అందుకే ధర కన్నా ముందు లోతు అడగమన్నాను. 75 ఆయన్ని కూడా కింద వేయాల్సింది వేసి మళ్లీ రేటు చెప్పమనండి. ఆయన నిజంగా వేసేటట్టయితే రేటు కొంచెం అటూ ఇటూగా రెండో ఆయన దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నా సంగతి చెబితే నవ్వుతారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఇంజనీరుగా రోడ్లు వేయించిన మనిషిని, శ్రీకాకుళంలో సొంత ఇంటి ముందు పేవర్లు వేయించి మోసపోయాను. పని మొదలైన మర్నాడే పలాసలో పెళ్లికి వెళ్లి రెండు రోజులుండి వచ్చాను. వచ్చేసరికి బ్లాకులు పరిచేసి, అంచులు పూసేసి, శుభ్రంగా తుడిచి పెట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మిగతా డబ్బు ఇచ్చేశాను. వచ్చే వానాకాలానికి కారు కింద రెండు దొన్నెలు తయారయ్యాయి, వాటిలో నీళ్లు, నీళ్లలో దోమలు. ఒక ఆదివారం గునపం పెట్టి నాలుగు బ్లాకులు పైకి లేపి చూశాను. రెండు వేళ్ల మందాన డస్ట్ ఉంది, దాని కింద ఎండిన గడ్డి. గడ్డి కూడా చెక్కలేదు మహానుభావుడు! ఫోన్ చేస్తే మొదటిసారి "వస్తాను సార్" అన్నాడు, రెండోసారి ఎత్తలేదు. తప్పు సగం నాది. కప్పెట్టేముందు చూడాల్సినవాణ్ణి, పెళ్లి భోజనానికి వెళ్లాను.

ఇక మీ స్థలానికి ఏం కావాలో లెక్క చూద్దాం. కారు ఆనే 300 అడుగుల్లో పైన 60 ఎంఎం బ్లాకు, దాని కింద అంగుళంన్నర ఇసుక, దాని కింద గట్టిగా అణిచిన 6 అంగుళాల కంకర బేసు. అన్నీ కలిపితే దాదాపు 10 అంగుళాలు. పూర్తయ్యాక ఉండాల్సిన మట్టం నుంచి కిందికి అంత లోతు తవ్వాలి. మనుషులు మాత్రమే నడిచే 600 అడుగుల్లో బేసు 4 అంగుళాలు చాలు, అంటే 8 అంగుళాల తవ్వకం. బేసుకి క్రషర్ల దగ్గర రోడ్ల పనికి కలిపి ఇచ్చే వెట్‌మిక్స్ దొరికితే మంచిది. దొరక్కపోతే పెద్ద కంకర, సన్న కంకర, డస్ట్ కలిపి వేయించండి. ఉత్త డస్ట్ బేసు కాదు, డస్ట్ పోసి దాన్నే బేసు అంటే ఒప్పుకోకండి.

అణిచాక మీ స్థలంలో బేసు 350 ఘనపుటడుగులు ఉండాలి. లారీలోంచి దింపినప్పుడు గుల్లగా ఉంటుంది గనుక 440 దాకా తెప్పించాలి. పై ఇసుక ఇంకో 110. "నాలుగు ట్రక్కులు వేశాం" అన్న మాట మీద ఉండకండి, ఒక్కో ట్రాక్టరు ట్రక్కుది ఒక్కో కొలత. దింపకముందే టేపు పెట్టి పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించి నోటుబుక్‌లో రాసుకోండి. లెక్కల టీచర్ అయినా కాకపోయినా మీరు టేపు పట్టుకుని ట్రక్కు దగ్గర నిలబడితే ఆ రోజు నుంచి పనివాళ్ల తీరే మారుతుంది. లోకువ సంగతి అడిగారు కదా, దానికి ఇదే మందు.

మీది పొలాల్లో వేసిన లేఅవుట్ అన్నారు. నన్నడిగితే అసలు భయపడాల్సింది అక్కడ. మన జిల్లాల్లో మెరక ఎర్ర నేల అయితే కింద గట్టిగానే ఉంటుంది. వరిమడిని గ్రావెల్ పోసి ఎత్తు చేసిన చోట అలా కాదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కుంగుతూనే ఉంటుంది. పైగా ఇల్లు కట్టినప్పుడు పునాది గోతుల పక్కన తిరిగి నింపిన మట్టిని ఎవరూ సరిగ్గా దిమ్మిస కొట్టరు. గోడల పక్కన రెండు మూడడుగుల వెడల్పులో పేవర్లు వాలిపోయేది అందుకే. తవ్వకం అయ్యాక ఆ గోడ పక్క భాగానికి నీళ్లు పట్టించి ఒకటి రెండు రోజులు వదిలేయమనండి. కుంగిన చోట గ్రావెల్ నింపి, మళ్లీ అణిచి, అప్పుడు బేసు వేయాలి. నాలుగు రోజుల్లో అయిపోతుందన్న ఆయన లెక్కలో ఈ రెండు రోజులు లేవు.

అణచడానికి ప్లేట్ వైబ్రేటర్ కావాలి. పెట్రోలుతో నడిచే చిన్న మెషిన్, అద్దెకి దొరుకుతుంది. చేతి దిమ్మిసతో 900 అడుగులు అణుస్తామంటే సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ చేతుల్లో బలం ఎంతుంటుందో మీరే ఊహించండి. మెషిన్ అద్దె ఎవరిదో ముందే మాట్లాడుకోండి, లేకపోతే "మెషిన్ దొరకలేదు మేడమ్" అంటారు. బేసుని ఒకేసారి 6 అంగుళాలు పోయకుండా రెండు పొరలుగా పోసి, కొంచెం తడిపి, ఒక్కో పొరని విడిగా అణచాలి. అయిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఇసుక పోయకముందు మీ కారునే ఆ బేసు మీద ముందుకీ వెనక్కీ నడిపించండి. చక్రం అచ్చు పడిందా, ఇంకా అణచాలి. ఈ మాట ముందే కాగితంలో రాస్తే కాంట్రాక్టరు కూడా కాదనలేడు.

తర్వాతి సంగతి వాటం. నీళ్లు ఇంటి నుంచి బయటికి పోవాలి, 10 అడుగులకి రెండు, రెండున్నర అంగుళాల దిగుడు ఉండాలి. కంటికి చదునుగా కనిపించేదంతా నీటికి చదును కాదు. నీళ్లు నింపిన లెవల్ గొట్టంతో నాలుగు మూలలా మట్టం చూసి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టించి, తాడు కట్టించాకే తవ్వకం మొదలవ్వాలి. గోడ పక్కన పేవర్ల మట్టం మీ వరండా కన్నా కనీసం ఆరంగుళాలు కిందుండాలి, లేకపోతే గోడలు చెమ్మ పీలుస్తాయి. మన ఊళ్లలో ఇంకో బాధ, సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తయిపోతోంది. మీ వీధిలో ఇంకా రోడ్డు పడకపోతే వాననీరు వీధిలోకే పోతుందన్న నమ్మకం పెట్టుకోకండి, లోపలే ఒక మూల ఇంకుడు గుంత తీయించి వాటం అటు పెట్టించండి. విజయనగరంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది, ఎటోకటి పోవాలి కదా ఆ నీళ్లు.

చిన్న విషయమే గానీ చాలామంది మర్చిపోయేది గేటు. బ్లాకులు పరిచాక నేల మట్టం పెరిగితే గేటు తెరుచుకోదు. అప్పుడు వెల్డరు కోసం తిరగాలి. గేటు అడుగు అంచుకీ పేవర్ల మట్టానికీ మధ్య రెండంగుళాల సందు ఉండేలా ముందే చూసుకోండి. డ్రైనేజీ ఛాంబర్ మూతలు, సెప్టిక్ ట్యాంకు మూత కూడా కొత్త మట్టానికి ముందే ఎత్తించాలి. రేపెప్పుడో గేటు దగ్గర లైటుకి వైరు, మొక్కలకి నీటి పైపు కావాలనిపిస్తుంది. ఇప్పుడే రెండు పీవీసీ గొట్టాలు ఉత్తవే అడ్డంగా పాతించి పెట్టుకోండి.

బ్లాకుల గురించి. పేవర్లకి ఐఎస్ 15658 అని భారతీయ ప్రమాణం ఉంది. నడక దారికి 50 ఎంఎం మందం చాలు, కారు వచ్చే చోట 60 ఎంఎం ఉండాలి. కాంక్రీటు గ్రేడు, అంటే దాని బలం, కారు దగ్గర ఎం-35కి తగ్గకూడదు. అద్దంలా మెరిసే రకాలు చూపిస్తారు, రబ్బరు అచ్చుల్లో పోసినవి. ఫొటోల్లో బాగుంటాయి, తడిస్తే జారతాయి. ఒకసారి పడిన పెద్దావిడ ఉన్న ఇంట్లో అవి వద్దే వద్దు. మెషిన్‌లో నొక్కి తీసిన గరుకు బ్లాకు తీసుకోండి. బ్లాకులు తయారుచేసే యూనిట్‌కి మీరే వెళ్లండి. అవి ఎప్పుడు పోసినవో అడగండి, కాంక్రీటుకి పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. పండగ ముందు గిరాకీలో వారం కూడా తిరగని పచ్చి బ్లాకులు లారీ ఎక్కించేస్తుంటారు. రెండు బ్లాకులు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. ఒకటి పగలగొట్టి చూపించమనండి, పైన రంగు పొర ఒకటీ కింద బూడిదలా రాలేది ఒకటీ అయితే వదిలేయండి.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. మూడు బ్లాకులు ఎండబెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూచి, ఒక రోజంతా బకెట్టు నీళ్లలో ముంచి, తీసి తుడిచి మళ్లీ తూయండి. ఆ ప్రమాణం ప్రకారం నీటి పీల్పు సగటున 6 శాతం దాటకూడదు, అంటే మూడున్నర కిలోల బ్లాకు 210 గ్రాములకి మించి బరువెక్కకూడదు. ల్యాబ్‌లో ఆరబెట్టినంత కచ్చితంగా ఇంట్లో కుదరదు గానీ, మూడొందలు నాలుగొందల గ్రాములు పెరిగిందంటే ఆ సరుకు వద్దు.

పరవడం దగ్గర నేను ఎక్కువ చెప్పను, బేసు సరిగ్గా ఉంటే పరిచే కుర్రాళ్లు చాలావరకు బాగానే పరుస్తారు. రెండు మూడు చోట్ల మాత్రం చూడండి. ఒకటి అంచులు. కాంపౌండు గోడ లేని వైపు, మొక్కల పాదుల వైపు కాంక్రీటులో కూర్చోబెట్టిన కర్బు రాళ్లు ఉండాలి. అంచు వదులైతే వరసంతా పక్కకి జరిగి సందులు తెరుచుకుంటాయి. రెండోది బ్లాకుల కింద ఇసుక. నాగావళి, చంపావతి లాంటి నది నుంచి వచ్చిన గరుకు ఇసుక కావాలి. సముద్రపు ఒడ్డు ఇసుకలో ఉప్పుంటుంది, బ్లాకుల మీద తెల్లటి పూత లేస్తుంది. ఇసుకలో సిమెంటు కలుపుతాం, సందుల్లో సిమెంటు పాలు పోస్తాం, అప్పుడు గట్టిగా ఉంటుంది అని కొందరు మేస్త్రులు చెబుతారు. అలా చేస్తే నీరు ఇంకదు, రేపు పైపు లీకైతే బ్లాకులు పగలగొట్టి తీయాలి. పేవర్లకున్న సుఖమే లేపి మళ్లీ పెట్టుకోగలగడం. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు వదిలి, పొడి సన్న ఇసుక చల్లి, చీపురుతో ఊడ్చి, మెషిన్ తిప్పి, మళ్లీ ఇసుక చల్లి, మళ్లీ తిప్పాలి. సందు నిండిన ఇసుకే బ్లాకుని పక్క బ్లాకుతో బిగించి పట్టుకునేది. ఒకటి రెండు వానలయ్యాక ఆ ఇసుక దిగుతుంది. అప్పుడు వచ్చి మళ్లీ నింపాలని ముందే ఒప్పుకోనివ్వండి. కారు దగ్గర బ్లాకులు చేప ముల్లు ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా పరిపించండి. తిన్నని వరసలు చక్రం తోపుకి జరుగుతాయి.

డబ్బు దగ్గరికి వద్దాం. 70 శాతం అడ్వాన్సు ఇవ్వకండి. అంత ఇచ్చాక పని అతని చేతిలో, ఫోన్ మీ చేతిలో. బ్లాకులు మీరే మీ పేరు మీద బిల్లుతో కొనుక్కోండి. అప్పుడు కాంట్రాక్టరుకి ఇచ్చేది తవ్వకం, బేసు, ఇసుక, పరిచే కూలి మాత్రమే. అందులో పదో వంతు అడ్వాన్సు. కంకర, ఇసుక వాకిట్లో దిగి మీరు కొలిచాక ఆ సరుకు డబ్బు. కారు నడిపించి బేసు చూశాక ఇంకో వాయిదా. పరిచి ఇసుక ఊడ్చాక ఇంకో వాయిదా. చివరి పదో వంతు మొదటి గట్టి వాన పడి నీళ్లు ఎటు పోయాయో చూశాక. వానాకాలం దాకా ఆగలేనంటాడు, న్యాయమే. రెండు బిందెల నీళ్లు ఒకేసారి గుమ్మరించి, ట్యాంకు నుంచి పైపు పెట్టి అరగంట వదిలి చూసినా నిలిచే చోటు బయటపడుతుంది.

ఇదంతా స్టాంపు కాగితం మీద రాయక్కర్లేదు. మందాలు, లోతులు, రేటు, ఎవరు ఏది తేవాలి, వాయిదాలు, ఏడాదిలోపు కుంగితే వచ్చి సరిచేయడం, ఇవన్నీ తెలుగులోనే ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో అతనికి పంపండి. కొలత పేవర్లు పరిచిన స్థలానికే అని, చెట్ల పాదులు, ఛాంబర్లు తీసేసి కొలవాలని రాయండి. కర్బు రాళ్ల రేటు అడుగుల పొడవు లెక్కన విడిగా ఉంటుంది, అది "సహా"లో ఉందో లేదో అడగండి. ప్రతి సాయంత్రం స్కేలు పెట్టి లోతుకి ఫొటో తీసి మీవారికి పంపుతుండండి. కాంట్రాక్టరుకి ఆ సంగతి తెలిసేలా పంపండి.

ఎవరికి ఇవ్వాలన్నది తేల్చుకునే ముందు ఇద్దరినీ వాళ్లు వేసిన పాత పనులు చూపించమనండి. నిన్నా మొన్నా వేసినవి కాదు, రెండు వానాకాలాలు గడిచినవి. వెళ్లినప్పుడు రంగు చూడకండి. కారు చక్రాల దారి, ఛాంబర్ మూతల చుట్టూ, గోడ పక్క, అంచులు, ఈ నాలుగు చోట్లే కుంగుడు బయటపడుతుంది. ఆ ఇంటావిడతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడండి. పని బాగుందా అని కాదు, పిలిస్తే వచ్చాడా అని అడగండి. ఇలాంటివి రెండిళ్లు చూపించగలిగినవాడికి, లోతు అంగుళాల్లో చెప్పినవాడికి ఇవ్వండి. అది 75 ఆయనే అయినా సరే.

మీరు అడగనిది ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. 900 అడుగులూ కప్పెయ్యాలా? కారు చోటు, గేటు నుంచి గుమ్మం దాకా, అక్కడి నుంచి పెరటి నుయ్యో కుళాయో ఉంటే దాని దాకా ఒక నాలుగడుగుల దారి వేస్తే మీ అత్తగారి కాలు బురదలో పడదు. మిగతాది మట్టిగా ఉంచితే నీరు ఇంకుతుంది, కొబ్బరి చెట్టుంటే బతుకుతుంది, ఇల్లు వేసవిలో అంత వేడెక్కదు. చెట్టున్న చోట మాత్రం చుట్టూ మూడడుగులు ఖాళీ వదలాల్సిందే. మిగిలిన డబ్బుతో ఉన్న చోట బేసు మందం తగ్గించకుండా వేయించుకోవచ్చు. ఇంకొకటి, పేవర్ల సందుల మీద చుక్కల ముగ్గు కుదురుగా రాదు. గుమ్మం ముందు ఒక ఆరడుగులు నున్నటి బండ పరిపించుకుంటే ధనుర్మాసం అంతా మీ అత్తగారికి దిగులుండదు.

సంక్రాంతి గడువు వదిలేయండి. హుద్‌హుద్ తుఫాను 2014లో, తిత్లీ తుఫాను 2018లో, రెండూ అక్టోబరులోనే మన మీద పడ్డాయి. నవంబరులోనూ వాయుగుండాల భయం ఉంటుంది. తడి మట్టి మీద వేసిన బేసు ఎంత అణిచినా నిలవదు. పైగా పండగ ముందు కూలీలు దొరకరు, దొరికినవాళ్లు మూడు సైట్ల మధ్య పరిగెడతారు. మీవారు సంక్రాంతికి వస్తున్నారు కదా, కనుమ దాటాక మొదలుపెట్టండి. తవ్వకం, బేసు చూడ్డానికి ఇద్దరుంటారు, నేల ఎండి ఉంటుంది, రేటు కూడా కొంచెం బేరానికి వస్తుంది. అత్తగారి కోసం ఈలోపు గేటు నుంచి గుమ్మం దాకా నాలుగు నాపరాళ్లు వరసగా వేయించండి, తర్వాత పెరట్లో పనికొస్తాయి.

అన్నీ చేసినా పని చెడి, మనిషి రాకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చెప్పొచ్చు. అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఆ ఒక్క పేజీ కాగితం, స్కేలు ఫొటోలు, బ్లాకుల బిల్లు అక్కడ పనికొస్తాయి.

బ్లాకులు కొనేటప్పుడు ఓ ముప్పై ఎక్కువ కొని ఇంటి వెనక పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత నాలుగు పగిలితే అదే అచ్చు దొరకొచ్చు గానీ అదే రంగు దొరకదు.